ఎనుమాముల దారిలో పులిబంకు

రిటైరైన ఆడవాళ్ళు కాశీకో రామేశ్వరానికో పోతారు, మా ఆవిడ మాత్రం పెట్రోలు బంకులకు పోతుంది అని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంటారు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను కాఫీ ఇచ్చి ఊరుకుంటాను. తెనాలిలో ఉద్యోగమున్నన్నాళ్ళూ పిల్లలకు డ్రాయింగు నేర్పాను. నాకు డ్రాయింగు నేర్పింది మాత్రం ఒక పులి.

మా నాన్న లారీ డ్రైవరు. కొత్త సంవత్సరం రాగానే ఏదో ఒక ఆయిలు కంపెనీ కేలండరు చుట్టచుట్టి తెచ్చేవాడు. ఒకదాని మీద రెక్కల గుర్రం, ఒకదాని మీద ఒంటె, ఒకదాని మీద పులి. ఆ పులి తోక పొడుగ్గా సాగి సాగి పెట్రోలు గొట్టంగా మారి కారు ట్యాంకులోకి దూరి ఉండేది. మా దగ్గర పోయించుకుంటే మీ బండికి పులి బలం వస్తుందని దాని భావం. ఆ తోకను ఎన్ని పలకల మీద గీశానో లెక్క లేదు. పెద్దయ్యాక అర్థమైంది, పెట్రోలుకు చూపించడానికి రూపం లేదు. బియ్యాన్ని గుప్పిట్లో పోసి అమ్మవచ్చు, చీరని పరిచి అమ్మవచ్చు, ట్యాంకులోకి పోయి కనపడకుండా మాడిపోయేదాన్ని ఏం చూపించి అమ్ముతారు? అందుకని కంపెనీలవాళ్ళు అడవి మీద పడ్డారు. అప్పటినుంచీ ఎక్కడ పాత బంకు ఉందన్నా, దాని గోడ మీద జంతువు బొమ్మ ఉందన్నా నా కాళ్ళు ఆగవు.

వరంగల్లులో ఎనుమాముల మార్కెట్టుకు పోయే దారిలో ఒక బంకు ముందు సిమెంటు పులి ఉందని చాలా కాలంగా వింటున్నాను. ఎండలు తగ్గాక వెళదాం, వానలు వెలిశాక వెళదాం అనుకుంటూ ఉండగా హన్మకొండలో ఉండే మా తోటికోడలి కూతురు ఫోను చేసింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, పులి ఉన్న జాగా రోడ్డులో పోతుంది, చూడాలంటే ఈ వారమే రమ్మంది. మా ఆయన టికెట్టు తీసి చేతిలో పెట్టి, పులిని అడిగానని చెప్పమన్నారు.

స్టేషను బయట

మిర్చి సీజను. వరంగల్ స్టేషనులో దిగి నాలుగడుగులు వేశానో లేదో గాలిలో ఘాటు తగిలి తుమ్ము మొదలైంది. గుంటూరు జిల్లాలో పుట్టి మిరపకాయకు తుమ్మడమేమిటని నాకే సిగ్గేసింది. ఆటో నడిపే యాదగిరి అక్కడే దొరికాడు. నలభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, నోట్లో సోంపు. పులిబంకుకు వస్తావా అంటే అదెక్కడ అని అడగలేదు. ఆ పేరుతో బస్సు స్టేజీ కూడా ఉందట. ఎంత తీసుకుంటావంటే మీకు తోచినంత ఇయ్యుండ్రి అన్నాడు. మా వైపు ఆ మాట తరవాత జరగబోయే గొడవకు మొదటి మెట్టు. యాదగిరి మాత్రం ఉన్నన్ని రోజులూ నిజంగానే నాకు తోచినంత తీసుకున్నాడు. అది చూసి నాకు ప్రతిసారీ కొంచెం ఎక్కువే తోచింది.

బంకుల పిచ్చి సంగతి చెప్పగానే అతనికి హుషారొచ్చి, స్టేషను రోడ్డులోనే ఒకటి చూపిస్తానని ఆటో పక్కకు తిప్పాడు. అది ఒకప్పుడు బంకట, ఇప్పుడు టైలరు దుకాణం. పక్కగోడకు వేసిన సున్నం పెచ్చులూడి, కింద ఎర్రటి రెక్క ఒకటి బయటపడింది. ఈక ఈకకూ మధ్య నల్లగీత, ఎంత శ్రద్ధగా వేశాడో ఆ చేతి మనిషి! గుర్రం మాత్రం సున్నం కిందే ఉండిపోయింది. నేను వేలితో గాలిలో మెడ ఎక్కడ వస్తుందో, డెక్కలు ఎక్కడ లేస్తాయో గీసి చూపిస్తుంటే టైలరు కుట్టుమిషను ఆపి బయటకు వచ్చి చూశాడు. ఇన్నాళ్ళూ అది కోడి రెక్క అనీ, తనకంటే ముందు ఇక్కడ ఎవరో చికెన్ సెంటర్ నడిపి ఉంటారనీ అనుకున్నాడట. గుర్రానికి రెక్కలెందుకని యాదగిరి అడిగాడు. పెట్రోలు పోస్తే ఎగిరిపోతుందని అన్నాను. మరి అప్పుడు ఈ రోడ్లు ఎందుకు అన్నాడు. ఆ మాటకు నవ్వుకుంటూ ముగ్గురం చాయ్ తాగాం. పదిహేను రూపాయలు, మీద మీగడ కట్టి చెంచాతో తినాల్సినంత చిక్కగా ఉంది. డబ్బులు టైలరే ఇచ్చాడు, తన గోడ మీద గుర్రం ఉందని చెప్పినందుకు.

పులిబంకు

పులిని చూశాను. ఏమని చెప్పను! మా తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ళకు కొదవ లేదు, వాళ్ళ పనిలోనే తప్పులు పట్టి తిట్లు తిన్నదాన్ని నేను. ఈ పులిలో తప్పులు పట్టడం మొదలుపెడితే పొద్దుగూకుతుంది. మీసాలు పహిల్వాను మీసాల్లా మెలి తిరిగి ఉన్నాయి. కళ్ళు గేదె కళ్ళంత. పళ్ళు దేవుడిచ్చిన వాటికంటే ఎక్కువ. ఆఖరిసారి రంగు వేసినప్పుడు బంకు గోడకు వేయగా మిగిలిన డబ్బాలు వాడారు కాబట్టి చారలు నీలం. మెడలో సిమెంటు గంటల దండ. తోక వెనక్కి లేచి, పాము పడగలా వంగి ఉంది. ఇన్ని తప్పులతో అది నిండుగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు నన్ను చూసింది. నాకు ఆ క్షణమే నచ్చేసింది.

అన్నిటికంటే విచిత్రం దాని వీపు. నడుము మీద నలుచదరంగా, నున్నగా ఒక గద్దె ఉంది. దాని కథ బంకు యజమాని రాజేశం చెప్పాడు. యాభై అయిదేళ్ళుంటాయి, మార్కెట్టులో మిర్చి వ్యాపారం కూడా ఉంది, అందరూ సేటు అంటారు. ఆయన తండ్రి కాలంలో కంపెనీ పులి కాగితం ఒకటి పంపి, ఇలాంటిది బంకు ముందు ఉంటే బాగుంటుందన్నదట. కాగితం బొమ్మ వానకు ఆగదని, గుడి గోపురం మీద బొమ్మలు చేస్తున్న సిమెంటు పనివాణ్ణి పిలిపించారు. ఆయన జన్మలో అమ్మవారు ఎక్కని పులిని చెయ్యలేదు. అంతా అయ్యాక వీపు మీద ఈ గద్దె ఏమిటని అడిగితే, పులి అన్నారు, అమ్మవారిని ఎప్పుడు తెస్తారో నాకేం తెలుసు, జాగా ఉంచానన్నాడట. కంపెనీ మనిషి వచ్చి చూసి కడుపు పట్టుకు నవ్వి, ఫోటో తీసుకుని పోయాడు.

తరవాత కంపెనీ పేరు మారింది, రంగులు మారాయి, కేలండర్ల మీద పులి పోయింది. ఇక్కడి పులి మాత్రం ఉండిపోయింది. ఖాళీ గద్దెను చూసి, అమ్మవారు ఎటో పని మీద పోయింది, వచ్చేదాకా బండి ఇక్కడ ఆగిందని జనమే అనుకున్నారు. కొత్త ట్రాక్టరు కొంటే మొదట ఇక్కడికే తెచ్చి పులి కాళ్ళ దగ్గర నిమ్మకాయ పెట్టి, ఆ తరవాత డీజిలు పోయిస్తారు. మార్కెట్టు దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళు పొద్దున పనికి పోతూ పులి పాదం తాకి కళ్ళకద్దుకుంటారు. కంపెనీలు కోట్లు పోసినా రాని నమ్మకం, ఒక మేస్త్రీ అలవాటు కొద్దీ చేసిన పొరపాటుతో ఈ బంకుకు వచ్చింది. వ్యాపార ప్రకటనల మీద నాకున్న అభిప్రాయాలన్నీ అక్కడ మార్చుకున్నాను.

కానీ రాజేశం ముఖంలో సంతోషం లేదు. రోడ్డు వైపు స్థలం పోతుంది. లోపలి మిషన్లు ఉంటాయి గానీ, కొత్త నమూనా ప్రకారం కట్టే బంకులో ఇలాంటి బొమ్మలకు చోటు లేదని కంపెనీ ఆఫీసరు చెప్పాడు. రోడ్డు పనివాళ్ళు ఎల్లుండి మధ్యాహ్నానికి ఇక్కడికి వస్తారు, అప్పటికి ఉంటే వాళ్ళ మిషనుతో పగలగొట్టేస్తారు. కొద్ది దూరంలో తన మిర్చి గోదాం ఉంది. దాని ముందు దిమ్మె కట్టించి పెట్టాడు, క్రేను మాట్లాడాడు. అయితే లోపలి ఇనుము ఏ స్థితిలో ఉందో తెలియదు, ఎత్తగానే రెండు ముక్కలైతే తన చేతులతో చంపినట్టే అవుతుందని ఆయన భయం.

"కంపెనీకి అది పాత బొమ్మ టీచరమ్మా. నాకు మా నాయిన. గా మిర్చి ఆడోళ్లకు అమ్మవారి బండి. ముగ్గురి మాట నిలవాలంటే అది పలగకుంట గోదాం కాడికి చేరాలె," అన్నాడు.

ఆ మాట వింటూ పులి మెడ తట్టాను. చెయ్యి తడి అయింది. బంకులో పెట్రోలు పోసే సరోజన అప్పుడే కడిగి వెళ్ళిందట. రోజూ డ్యూటీ ఎక్కగానే బకెట్టు నీళ్ళతో పులిని కడిగి, బొట్టు పెట్టి, తరవాతే మిషను ముట్టుకుంటుంది. ముప్ఫై ఏళ్ళ లోపు పిల్ల, తలకు కంపెనీ టోపీ, ముఖాన నవ్వు దొరకదు. బండి ఆగగానే అందరికీ ఒకటే మాట, జీరో చూస్కోండ్రి. మీటరు సున్నాలో ఉందో లేదో మనం చూసుకున్నాకే పోస్తుంది. మా వైపు బంకుల్లో ఆ మాట అంటూనే పోసేస్తారు. మిర్చి బస్తాలతో వచ్చిన ఒక పెద్దాయన ట్రాక్టరు మీద నుంచే, ఏయ్ పోరీ, కాంటకు లేటైతాంది, జల్ది పొయ్యి అని గదిమాడు. ఆమె గొట్టం పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన గొణుక్కుంటూ పొయ్యరాదూ అని చెయ్యి ఊపాడే గానీ మీటరు వైపు తల తిప్పలేదు. చివరకు ఆమే చూసి, సున్నా అని గట్టిగా చదివి పోసింది.

హసన్‌పర్తి

మర్నాడు చేసే పనేమీ లేదు. రాజేశం తిరిగి రమ్మనే దాకా ఊరికే కూర్చుంటే పులి మీద బెంగ పెరుగుతుందని యాదగిరి నన్ను హసన్‌పర్తి తీసుకుపోయాడు. అక్కడ మూతపడిన బంకు ఒకటి టిఫిన్ సెంటరైంది. కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతోంది. వాళ్ళ మధ్యలో, రేకుల కింద, చేతిపంపు! కరెంటు మిషన్లు రాకముందు వాడినది. మనిషి పిడి పట్టి అటూ ఇటూ ఊపితే పెట్రోలు పైకెక్కి తల మీద గాజు జాడీలో నిండేది. కొనేవాడు కొలత కళ్ళారా చూసుకున్నాక కిందికి వదిలేవారు. ఇప్పటివాళ్ళు అంకె చూసి నమ్ముతున్నారు, అప్పటివాళ్ళు సరుకునే చూసి నమ్మారు.

ఆ గాజు జాడీ చెక్కుచెదరలేదు. అందులో పల్లి పట్టీలు ఉన్నాయి. నేను దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే టిఫిన్ సెంటరు ఆమెకు అనుమానమొచ్చి, కొంటరా ఏంది అని అడిగింది. పట్టీలా, పంపా అన్నాను. రెండిట్లో దేన్నీ బేరం చెయ్యనివ్వనంది. పట్టీలు అయిదు రూపాయలకొకటి, పంపుకు ధర లేదు. ఎవరో పాత సామాన్లు కొనేవాళ్ళు పట్నం నుంచి రెండుసార్లు వచ్చి పోయారట. పంపు ఇచ్చేస్తే పట్టీలు ఎక్కడ పెట్టాలె అన్నదట వాళ్ళతో. అంత చక్కటి కారణం నేను ఏ మ్యూజియంలోనూ వినలేదు.

అక్కడే సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కారం కలిపి గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి కాలుస్తారు. అడుగు కరకరలాడుతుంది, పైన మెత్తగా ఉంటుంది. ఇది మా తపాలచెక్కే కదా అని నోరు జారాను. అక్కడున్న ముగ్గురు ఆడవాళ్ళు ఒక్కసారి నా వైపు తిరిగారు. మీది చెక్క, మాది సర్వపిండి అని తేల్చి చెప్పి, ఆ తేడా నా నాలుకకు తెలియాలని ఇంకొకటి వడ్డించారు. వాళ్ళు చెప్పిందే నిజం. పైగా ఆ రెండోదానికి డబ్బులు పుచ్చుకోలేదు.

కొత్తవాడ

సాయంత్రం కొత్తవాడలో పని పడింది. జంపఖానాలకు పేరు మోసిన వాడ. రాజేశం తండ్రి ఆ పాత కేలండరు పట్టుకెళ్ళి బంకు ఆఫీసు మంచానికి పులి జంపఖానా నేయించాడనీ, అది నేసినవాళ్ళ ఇంటి కోడలు వసంత ఇప్పటికీ ఆ పులిని నేస్తుందనీ ముందురోజు రాజేశమే చెప్పాడు. ఇల్లు దొరకడానికి ఆలస్యం కాలేదు, వీధి పొడవునా మగ్గాల చప్పుడే గానీ పులి అన్నవెంటనే అందరూ ఒకే గుమ్మం చూపించారు.

వసంత నాకంటే పదేళ్ళు చిన్నది. గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం ముందు కూర్చుని ఉంది. లేవలేదు, కూర్చోమని పక్కన చోటు చూపింది. మగ్గం మీద వంపు తిరగదు, మెట్లు మెట్లుగానే వస్తుంది కాబట్టి ఆమె పులి మూతి మెట్లు, చెవులు మెట్లు, చారలు మెట్లు. అయినా చూడగానే నా కేలండరు పులి అని గుర్తుపట్టాను. తోక కోసం వెతికాను. ఆమె వేలు పెట్టి చూపించింది. పులి వెనకనుంచి బయలుదేరిన తోక జంపఖానా అంచు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి, తల దగ్గర గొట్టంగా ముగిసింది. అంచుకు వేరే పూలూ లతలూ లేవు, అంచంతా తోకే. ఆ గొట్టం దేనికో తెలుసా అని అడిగాను. కేలండరు చిరిగి ఎన్నడో పోయిందట, మామ చూపిన లెక్క ప్రకారం నేస్తోంది. పులి నీళ్ళు తాగే గొట్టమనుకున్నానంది. నా చిన్నప్పటి పలకల కథ చెప్పాను. విని చాలాసేపు నవ్వింది, నవ్వుతూనే పోగులు సర్దింది.

చిన్న జంపఖానా పన్నెండు వందలంది. అలవాటు కొద్దీ తగ్గించమన్నాను. నూలు ముట్టుకొని చూసి బేరం చెయ్యి అక్కా అంది. ముట్టుకున్నాను. నోరు మూసుకుని ఇచ్చేశాను. మా హాల్లో సోఫా ముందు ఎక్కడ పరచాలో కూడా అప్పుడే నిర్ణయించుకున్నాను.

మళ్ళీ ఎనుమాముల రోడ్డు

మూడో రోజు పొద్దున నేను వెళ్ళేసరికే క్రేను వచ్చి ఉంది. ట్రాక్టరు ట్రాలీలో వరిగడ్డి పరిచారు. జంపఖానా చూపిద్దామని సంచీలో పెట్టుకెళ్ళాను. కొత్తగా పోసిన తారులో నా చెప్పు అతుక్కుపోయి, ఒంటికాలి మీద నిలబడి లాక్కుంటున్నాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు పనికి పోకుండా రోడ్డు వారన కూర్చున్నారు. దూరంగా రోడ్డు మిషను చప్పుడు వినపడుతోంది. రాజేశం మాటిమాటికీ అటు చూస్తున్నాడు.

పులి పాదాల కింద సిమెంటును ముందు రోజే కోశారు. పొట్ట కింద గోనెలు చుట్టి, గొలుసులు వేసి క్రేను లేపింది. పులి జానెడు లేచింది. ఠప్ మని చప్పుడైంది. తోక మొదలు దగ్గర విరిగి, వేలాడుతూ నిలిచింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. క్రేను డ్రైవరు మెల్లగా కిందికి దించి, ఇంజను ఆపి, గొలుసు ఇంక ముట్టనని దిగిపోయాడు.

ఆడవాళ్ళలో పెద్దది కొమురమ్మ లేచి కొంగు దోపుకుంది. "ఖాళీ వీపుతోని లేపితే గట్లనే అయితది సేటూ. వాహనం ఎన్నడన్న ఒక్కతే కదుల్తదా?"

మా ఇళ్ళల్లో ఖాళీ ఉయ్యాల ఊపనివ్వరు. అదే మాట ఇక్కడ పులికి వచ్చింది. నాకు తప్పుగా తోచలేదు. రాజేశం మాత్రం ఆ మాట వినే స్థితిలో లేడు. విరిగిన తోక దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపల ఇనుప చువ్వ లేదు. సిమెంటు పెచ్చు వెనక నల్లటి రబ్బరు గొట్టం. దాన్ని రెండు వేళ్ళతో నొక్కి, వాసన చూసి, మా పాత చేతిపంపు గొట్టం ఇది అన్నాడు. తుక్కుకు పోయిందనుకున్నారట. కంపెనీ కాగితంలో తోక పెట్రోలు గొట్టంగా ఉందని, ఆ గోపురం మేస్త్రీ నిజం గొట్టాన్నే తోకగా పెట్టి పైన సిమెంటు మెత్తాడు. ఆయన కాగితం సరిగ్గా చూడలేదని రెండు రోజులుగా అనుకుంటున్నాను, నాకంటే బాగా చూశాడు. రబ్బరు ఉండబట్టే తోక తెగి పడకుండా వేలాడింది. రాజేశం కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

ఇక ఎవరు ఎక్కాలి అన్న ప్రశ్న వచ్చింది. రాజేశం భార్యను పిలిపిద్దామన్నారు కొందరు. కొమురమ్మ ఒప్పుకోలేదు. రోజూ దానికి నీళ్ళు పోసి బొట్టు పెట్టేదెవరో ఆమే ఎక్కాలంది. అందరూ మిషను వైపు తిరిగారు. సరోజన చేతిలో గొట్టంతో నిలబడి ఉంది. తను డ్యూటీలో ఉన్నానంది. రాజేశం డ్యూటీ నేను చూస్తానన్నాడు. కనీసం చీర కట్టుకొస్తానంది. అంత టైము లేదన్నారు. ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది, భయమో సిగ్గో కాదు, అంతటి చోట తను కూర్చోవచ్చా అన్న సందేహం.

"నా చేతులన్నీ పెట్రోలు వాసనే అవ్వా," అంది.

"పులికి గా వాసన కొత్తనా బిడ్డా?" అంది కొమురమ్మ.

క్రేను లేపేటప్పుడు మనిషి మీద ఉంటే ప్రమాదమని డ్రైవరు గట్టిగా చెప్పాడు. అది అందరూ ఒప్పుకున్నారు గానీ గద్దె ఖాళీగా ఉండకూడదు. అప్పుడు నాకు మన బస్సులు గుర్తొచ్చాయి. కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనదే కదా. సంచీలోంచి జంపఖానా తీశాను. సరోజన ఒకసారి గద్దె మీద కూర్చుని దిగింది, ఆమె లేచిన చోట జంపఖానా పరిచాం. కొమురమ్మ దాని మీద కుంకుమ చల్లి, సీటు ఆపినం, ఇగ లేపు అంది డ్రైవరుతో. ఆయనకూ ఆ లెక్క నచ్చింది.

రెండోసారి పులి లేచింది. గొలుసు కిర్రుమంది, పొట్ట కింద ఎక్కడో సన్నగా చిట్లింది, రాజేశం చెవులు మూసుకున్నాడు. తోక ఊగింది. పులి మాత్రం ఒక్క ముక్కగా గాలిలో తిరిగి వరిగడ్డి మీద దిగింది. సరోజన ట్రాలీ ఎక్కి, గద్దె మీద జంపఖానా సర్దుకుని కూర్చుంది. టోపీ తియ్యడం మరిచిపోయింది, మాకూ గుర్తులేదు. ఆడవాళ్ళు పసుపునీళ్ళు చల్లుతూ ముందు నడిచారు. అటు మార్కెట్టు నుంచి వచ్చే లారీలు వాటంతట అవే పక్కకు ఆగాయి. రోడ్డు మిషను నడిపే మనిషి కూడా ఇంజను ఆపి, హెల్మెట్టు తీసి నిలబడ్డాడు. కంపెనీ యూనిఫారంలో, మీసాల పులి మీద, నవ్వకుండా కూర్చున్న ఆ పిల్లను చూస్తుంటే నా ఒళ్ళు గగుర్పొడిచింది. నా జన్మలో చూసిన ప్రకటనలన్నిటిలో అది గొప్పది.

గోదాం ముందు దిమ్మె మీద పులి కూర్చుంది. తోకను ఆ దిమ్మె కట్టిన మేస్త్రీ రెండు రోజుల్లో మళ్ళీ మెత్తుతాడు, లోపల ఆ గొట్టమే ఉంటుందని రాజేశం నాకు మాట ఇచ్చాడు. వాళ్ళింట్లో పచ్చిపులుసుతో అన్నం పెట్టారు. మా చారులా కాచకుండా, పచ్చి చింతపండు రసంలో ఉల్లిపాయ పిసికి చేస్తారు, ఆ ఎండకు అమృతమే. జంపఖానా సంగతి నేను ఎత్తలేదు. గద్దె మీద పరిచింది తీయాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మా ఆయన ఏం తెచ్చావంటే చూపడానికి ఫోటో ఉంది, అందులో సోఫా ముందు పరవాల్సింది పులి వీపు మీద ఉంది.

రైలుకు పోతూ ఆటోలో డీజిలు పోయించడానికి యాదగిరి బంకులో ఆగాడు. పులి ఉన్న చోట గుంట ఉంది. సరోజన మళ్ళీ మిషను దగ్గర ఉంది, నుదుటి నిండా కుంకుమ, చేతిలో గొట్టం. మా ముందు మొన్నటి పెద్దాయన ట్రాక్టరు. ఆయన ఈసారి కిందికి దిగాడు. చెప్పులు విడిచాడు. ఆమె ఎదుట రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. వెనక బండ్లవాళ్ళు హారను కొట్టలేదు.

"దండం తర్వాత కాకా," అంది సరోజన. "ముందుగాల జీరో చూస్కో."

కాకా కళ్ళు తెరిచి, వంగి, బుద్ధిగా మీటరు చూశాడు.